గౌట్: నొప్పికి ఏ మందు, జబ్బుకు ఏ మందు, ఎవరికి ఏది సరిపోతుంది?

గౌట్ అనే కీళ్ల జబ్బు వచ్చినవాళ్లు “దీనికి మంచి మందు ఏది?” అని ఒకే ప్రశ్న అడుగుతారు. నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంతగా వాచిన బొటనవేలికి ఈ రాత్రి ఏం వేసుకోవాలి అన్నది మొదటిది. ఇది మళ్లీ మళ్లీ రాకుండా రక్తంలో యూరిక్ యాసిడ్‌ని ఏళ్ల తరబడి అదుపులో ఉంచడానికి ఏం వాడాలి అన్నది రెండోది. నొప్పి తగ్గించే మందులు యూరిక్ యాసిడ్‌ని తగ్గించవు. యూరిక్ యాసిడ్ తగ్గించే మందులు ఈ రాత్రి నొప్పికి పనిచేయవు.

ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే చాలామంది నొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుంటూ ఏళ్లు గడిపేస్తారు. కీళ్లు వంకరపోయి, కిడ్నీలు దెబ్బతిన్నాక గానీ పెద్దాసుపత్రికి వెళ్లరు. చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే కీళ్ల జబ్బుల్లో ఇంత స్పష్టంగా కారణం తెలిసినవి, ఇంత బాగా అదుపులోకి వచ్చేవి తక్కువ.

## అసలు ఏం జరుగుతుంది, ఎవరికి వస్తుంది

ప్యూరిన్లు అనే పదార్థాలు విడిపోయినప్పుడు యూరిక్ యాసిడ్ తయారవుతుంది. ఈ ప్యూరిన్లలో ఎక్కువ భాగం మన ఒంట్లోనే పుడతాయి, తిండి నుంచి వచ్చేది తక్కువ. తయారైన యూరిక్ యాసిడ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు మూత్రంలో, మిగతాది పేగుల ద్వారా బయటికి పోతుంది. రక్తంలో అది డెసిలీటరుకు సుమారు 6.8 మి.గ్రా. దాటితే, నీళ్లలో హద్దుకు మించి వేసిన ఉప్పు అడుగున పేరుకున్నట్టు, కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకోవడం మొదలుపెడుతుంది. ఏదో ఒక రాత్రి ఆ స్ఫటికాల మీద రోగనిరోధక కణాలు విరుచుకుపడతాయి. అదే అటాక్. 12 నుంచి 24 గంటల్లో నొప్పి తారాస్థాయికి చేరుతుంది, మందు వేసుకోకపోయినా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. అలా తగ్గిపోవడమే మనల్ని మోసం చేస్తుంది. నొప్పి పోయినా స్ఫటికాలు అక్కడే ఉంటాయి.

“తాగుతాడు, మాంసం బాగా తింటాడు, అందుకే వచ్చింది” అని అనేస్తుంటారు. గౌట్ ఉన్న చాలామందిలో అసలు లోపం కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ని సరిపడా బయటికి పంపకపోవడం. అందులో వంశపారంపర్యం పాత్ర పెద్దది. చుక్క ముట్టని శాకాహారికీ గౌట్ రావచ్చు. మగవాళ్లలో ఎక్కువ. ఈస్ట్రోజన్ యూరిక్ యాసిడ్‌ని బయటికి పంపడానికి సాయపడుతుంది కాబట్టి ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాకే ఎక్కువగా కనిపిస్తుంది. అధిక బరువు, బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ, బీపీ కోసం హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి నీరు తీసే మాత్రలు వాడేవాళ్లకూ రిస్క్ పెరుగుతుంది. గుండె కోసం వేసుకునే చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా యూరిక్ యాసిడ్‌ని కొంచెం పెంచుతుంది, కానీ గౌట్ వచ్చిందని దాన్ని సొంతంగా ఆపేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

## మందు ఎంచుకునే ముందు: ఇది గౌటేనా?

హెల్త్ చెకప్‌లో యూరిక్ యాసిడ్ 7.6 అని వచ్చింది, కానీ ఎప్పుడూ కీలు వాచలేదు. ఇది గౌట్ కాదు. ఇలా యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లలో చాలామందికి జీవితాంతం గౌట్ రాదు. నొప్పి, రాళ్లు, గడ్డలు ఏవీ లేకుండా అంకె ఒక్కటి చూసి మందు మొదలుపెట్టవద్దని 2020 నాటి అమెరికన్ రుమటాలజీ (కీళ్లవాతాల వైద్యం) మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర మాత్రం మడమ నొప్పికీ, నడుం నొప్పికీ ఈ పరీక్ష చేయించి, అంకె కొంచెం ఎక్కువుందని నెలల తరబడి మాత్రలు రాయించుకోవడం మామూలైపోయింది.

దీనికి రివర్స్ కూడా ఉంది. అటాక్ మధ్యలో పరీక్ష చేస్తే యూరిక్ యాసిడ్ నార్మల్‌గా కనిపించవచ్చు. “రిపోర్ట్ బాగుంది, గౌట్ కాదు” అని కొట్టిపారేయకుండా నొప్పి తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చేయించాలి. అనుమానం తీరకపోతే కీలులోంచి కొంచెం ద్రవం తీసి మైక్రోస్కోపు కింద స్ఫటికాల కోసం చూడటం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష.

ఒక్క విషయంలో ఆలస్యం చేయకూడదు. కీలు వాపుతో పాటు జ్వరం, చలి, వణుకు ఉంటే కీలులో చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు గౌట్ అనుకుని స్టెరాయిడ్ వేసుకుంటే ఇన్‌ఫెక్షన్ ముదిరిపోతుంది.

## ఏ కొలతలతో పోల్చాలి

ఎక్కువ పవర్ ఉన్న మందు ఏది అన్నది ఇక్కడ సరైన కొలత కాదు. అటాక్‌కి వాడే మూడు రకాల మందులూ సరిగ్గా వాడితే సుమారుగా ఒకేలా పనిచేస్తాయి. తేడా మీ ఒంటిలో ఉంటుంది: కిడ్నీలు ఎలా ఉన్నాయి (క్రియాటినిన్ రిపోర్ట్), షుగర్ ఉందా, గుండె జబ్బు లేదా బీపీ ఉందా, కడుపులో అల్సర్ వచ్చిందా, ఇప్పటికే ఏ మాత్రలు వాడుతున్నారు, నొప్పి మొదలై ఎన్ని గంటలైంది. ఇవి తెలియకుండా పక్కింటాయనకు పనిచేసిన మాత్ర మీరు వేసుకోవద్దు.

## మొదటి నిర్ణయం: అటాక్ వచ్చినప్పుడు

| | కోల్చిసిన్ | నొప్పి మాత్రలు (నాప్రాక్సెన్, ఇండోమెథాసిన్, ఎటోరికాక్సిబ్) | స్టెరాయిడ్ (ప్రెడ్నిసొలోన్) |
|---|---|---|---|
| ఎప్పుడు మొదలుపెట్టాలి | వీలైతే మొదటి 12 గంటల్లో. 36 గంటలు దాటితే ఫలితం తగ్గుతుంది | ఎంత త్వరగా అయితే అంత మంచిది | ఆలస్యమైనా పనిచేస్తుంది |
| కిడ్నీ జబ్బు ఉంటే | మోతాదు తగ్గించాలి, బాగా ముదిరితే వద్దు | వద్దు | వాడొచ్చు |
| షుగర్ ఉంటే | ఇబ్బంది లేదు | కిడ్నీలు బాగుంటేనే | షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి |
| గుండె జబ్బు, బీపీ | కొన్ని గుండె మందులతో పడదు | బీపీ పెంచుతాయి, గుండె బలహీనంగా ఉంటే వద్దు | కొద్దిరోజులే అయితే జాగ్రత్తగా |
| అల్సర్, రక్తం పలచబడే మందులు | ఈ మూడింటిలో మెరుగు | వద్దు | డాక్టరు చెబితేనే |
| ఎక్కువగా వచ్చే ఇబ్బంది | విరేచనాలు, వాంతులు | కడుపు మంట, రక్తస్రావం | నిద్ర పట్టకపోవడం, షుగర్ |

కోల్చిసిన్ గురించి ముందు తెలుసుకోవాల్సింది, ఎక్కువ వేసుకుంటే ఎక్కువ పనిచేయదు. వెనకటి రోజుల్లో విరేచనాలు పట్టుకునేదాకా గంట గంటకీ మాత్ర వేసేవారు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో గంట వ్యవధిలో ముగిసే 1.8 మి.గ్రా. చిన్న మోతాదు, 4.8 మి.గ్రా. పెద్ద మోతాదుతో సమానంగా పనిచేసింది. విరేచనాలు మాత్రం చాలా తక్కువ. మన దగ్గర దొరికేది 0.5 మి.గ్రా. మాత్ర కాబట్టి సాధారణంగా ముందు రెండు, గంట తర్వాత ఒకటి, మర్నాటి నుంచి రోజుకు ఒకటి రెండు రాస్తారు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫంగస్‌కి ఇచ్చే ఇట్రాకొనజోల్, గుండెకిచ్చే వెరపమిల్, డిల్టియాజెమ్ వాడుతుంటే కోల్చిసిన్ ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ వాడేవాళ్లు కండరాల నొప్పి, నీరసం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

మన అడవుల్లో ఎర్రటి, పసుపు పూలతో కనిపించే అగ్నిశిఖ దుంపలో ఉండేదీ ఈ కోల్చిసినే. అందుకని వాతానికి మంచిదంటూ ఆ దుంప నూరి తాగకండి. దాంట్లో మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

నొప్పి మాత్రలు వయసులో ఉండి, కిడ్నీలు, కడుపు, గుండె బాగున్నవాళ్లకు చక్కగా పనిచేస్తాయి. ఎటోరికాక్సిబ్ 120 మి.గ్రా. రోజుకొకటి, ఎనిమిది రోజులకు మించకుండా అన్నది దాని హద్దు. కానీ గౌట్ ఉన్నవాళ్లలో బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు కలిసి ఉండటమే ఎక్కువ. చేతికి సులువుగా దొరికేది ఈ మాత్రే, వాళ్లకు సరిపడనిదీ ఇదే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి, కిడ్నీ జబ్బు ఊళ్లను పట్టి పీడిస్తున్న చోట్ల క్రియాటినిన్ చూసుకోకుండా ఈ మాత్ర వేసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

స్టెరాయిడ్ అనగానే జనం భయపడతారు. గౌట్ అటాక్‌కి ప్రెడ్నిసొలోన్ 30 నుంచి 35 మి.గ్రా. ఐదు రోజులు ఇవ్వడం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు చాలాసార్లు అన్నిటికంటే క్షేమమైన దారి. భయపడాల్సింది పేరు చెప్పకుండా ఇచ్చే స్టెరాయిడ్ గురించి. నొప్పి వచ్చినప్పుడల్లా ఊళ్లో వేయించుకునే ఇంజెక్షన్, పొట్లం కట్టి ఇచ్చే వాతం పొడి వెంటనే పనిచేశాయంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. నెలల తరబడి అలా వాడితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ వస్తుంది, ఒక్కసారిగా ఆపితే మనిషి కుప్పకూలిపోవచ్చు. వేసేవాళ్లను మందు పేరు అడగండి, చీటీ మీద రాయించుకోండి. ఒకే కీలు వాచి, చీము లేదని తేలితే ఆ కీలులోకే డాక్టరు చేత ఇంజెక్షన్ చేయించుకోవడం షుగర్ ఉన్నవాళ్లకు మంచి దారి.

ఏ మందు వేసుకున్నా కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. వేడి కాపడం, గట్టిగా మర్దన అప్పుడు వద్దు.

## రెండో నిర్ణయం: యూరిక్ యాసిడ్ తగ్గించే మందు మొదలుపెట్టాలా?

ఏడాదిలో రెండు అంతకంటే ఎక్కువ అటాక్‌లు వచ్చినా, చర్మం కింద యూరిక్ యాసిడ్ గడ్డలు కట్టినా, ఎక్స్‌రేలో కీలు దెబ్బతిన్నట్టు కనిపించినా మొదలుపెట్టాల్సిందే. మొదటి అటాకే అయినా కిడ్నీ జబ్బు మూడో దశలో గానీ అంతకు మించి గానీ ఉంటే, కిడ్నీలో రాళ్లుంటే, యూరిక్ యాసిడ్ 9 దాటితే అప్పుడే మొదలుపెట్టడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఇవేవీ లేకుండా ఒక్కసారి వచ్చి పోయినవాళ్లు ఆగి చూడొచ్చు.

తిండి మార్పులతో సరిపెట్టుకోవడం. తిండి ఎంత కట్టుదిట్టంగా మార్చినా యూరిక్ యాసిడ్ మహా అయితే 1 మి.గ్రా. దాకా తగ్గుతుంది. 7.2 ఉన్న మనిషికి అది చాలవచ్చు. 9.5 ఉన్నవాళ్లు నోరు కట్టుకుని ఏడాది గడిపినా 8.5 దగ్గరే ఆగుతారు, అటాక్‌లు వస్తూనే ఉంటాయి, పైగా “నేనేదో తప్పు తిన్నాను” అని కుమిలిపోతారు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్లకు మందు కావాలి.

అలోపురినాల్. 1966 నుంచి వాడకంలో ఉన్న మందు. దీన్ని తయారుచేసిన బృందంలోని గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. చాలామందికి నేను ముందు చెప్పేది ఈ మందే. చవక, దశాబ్దాల అనుభవం ఉంది, కిడ్నీ జబ్బు ఉన్నా తక్కువతో మొదలుపెట్టి వాడొచ్చు. మామూలుగా 100 మి.గ్రా.తో, కిడ్నీ జబ్బు ఉంటే 50తో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి రక్తపరీక్ష చూసుకుంటూ పెంచాలి. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. 100 మి.గ్రా. రాసిచ్చి వదిలేస్తారు, రోగీ అదే చీటీతో ఏళ్లు నెట్టుకొస్తాడు, అటాక్‌లు ఆగవు, “ఈ మందు నాకు పడలేదు” అంటాడు. మోతాదు పెంచి ఉంటే పడేది. 300 దగ్గర ఆగాలన్న నియమమేమీ లేదు, అవసరమైతే డాక్టరు పర్యవేక్షణలో 800 దాకా వెళ్లొచ్చు.

దీనితో నిజమైన భయం ఒక్కటే: అరుదుగా వచ్చే తీవ్రమైన చర్మ అలర్జీ. వచ్చేది ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే. దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆ క్షణమే మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టమనేది కూడా ఇందుకే. చైనా, కొరియా, థాయ్‌లాండ్ మూలాలున్నవాళ్లకూ, ఆఫ్రికన్ అమెరికన్లకూ ముందుగా ఒక జన్యు పరీక్ష చేయమని అమెరికన్ మార్గదర్శకాలు సూచిస్తాయి.

ఫెబుక్సోస్టాట్. మన దగ్గర చాలామందికి మొదటి చీటీలోనే కనిపించే పేరు ఇదే. 40 మి.గ్రా.తో మొదలు, చాలకపోతే 80, కాబట్టి రాయడం సులువు. ఒక మోస్తరు కిడ్నీ జబ్బు ఉన్నా మోతాదు మార్చనక్కర్లేదు. అలోపురినాల్ పడనివాళ్లకు ఇది పెద్ద ఆసరా. గుండె విషయంలోనే తర్జనభర్జన. 2018లో వచ్చిన కేర్స్ అనే పెద్ద అధ్యయనంలో, అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఫెబుక్సోస్టాట్ వాడినవారికి గుండె సంబంధ మరణాలు అలోపురినాల్ కంటే ఎక్కువగా కనిపించాయి. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేర్చింది. 2020లో ఐరోపాలో జరిగిన ఫాస్ట్ అధ్యయనంలో ఆ తేడా కనిపించలేదు. అందుకని స్టెంట్ వేయించుకున్నవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు ముందు అలోపురినాల్ ప్రయత్నించడం మేలని నా అభిప్రాయం. ఇప్పటికే ఫెబుక్సోస్టాట్ వాడుతున్నవాళ్లు ఇది చదివి భయంతో ఆపేయకుండా గుండె డాక్టరును అడగండి.

శక్తిలో ఏది మేలు? మోతాదు సరిగ్గా పెంచుకుంటూ వెళ్తే రెండూ సమానమేనని 2022లో అమెరికాలో వచ్చిన ఒక పోలిక అధ్యయనం చూపించింది. అందులో కిడ్నీ జబ్బు మూడో దశలో ఉన్నవాళ్లూ ఉన్నారు.

కిడ్నీ మార్పిడి తర్వాత, లేదా పేగుల జబ్బుకు అజాథయోప్రిన్ వాడేవాళ్లకు ఈ రెండు మందులూ ప్రమాదం. కలిపి వాడితే రక్తకణాలు పడిపోతాయి. ఆ డాక్టరుకు చెప్పకుండా ఏదీ మొదలుపెట్టవద్దు.

మూత్రంలో యూరిక్ యాసిడ్‌ని ఎక్కువగా పంపే ప్రొబెనెసిడ్ లాంటి మందులు కొద్దిమందికే సరిపోతాయి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకు అసలే వద్దు.

## మొదటి ఆర్నెల్లు ఎందుకు కష్టం

మందు మొదలుపెట్టాక అటాక్‌లు తగ్గడానికి ముందు పెరగొచ్చు. పేరుకున్న స్ఫటికాలు కరుగుతూ కదలడమే కారణం. ఈ సంగతి ముందే చెప్పకపోతే సగం మంది “మందు వేసుకుంటే నొప్పి ఎక్కువైంది” అని మానేస్తారు. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు రోజూ చిన్న మోతాదు కోల్చిసిన్ తోడుగా ఇస్తారు. అటాక్ వచ్చినా యూరిక్ యాసిడ్ మందు ఆపకూడదు, నొప్పికి విడిగా మందు వేసుకోవాలి.

చేరాల్సిన అంకె 6 కంటే తక్కువ, గడ్డలుంటే 5 కంటే తక్కువ. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సులు జబ్బు గురించి ఓపిగ్గా వివరించి, మోతాదు పెంచుతూ వెంటపడి చూసుకున్న రోగుల్లో 95 శాతం రెండేళ్లకు లక్ష్యం చేరుకున్నారు. మామూలు పద్ధతిలో వైద్యం తీసుకున్నవాళ్లలో అది 30 శాతమే. వాడింది పాత మందులే.

## తిండి సంగతి

గౌట్ అనగానే ఇంట్లో కందిపప్పు, పాలకూర, టమాటా బంద్ చేసేస్తారు. అమెరికాలో 47 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మాంసం, చేపలు, రొయ్యల్లాంటివి గౌట్ రిస్క్‌ని పెంచాయి. ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలు పెంచలేదు. పాలు, పెరుగు తీసుకున్నవాళ్లలో రిస్క్ తగ్గింది. కాబట్టి ముద్దపప్పు, మజ్జిగన్నం భయం లేకుండా తినండి. పాలకూర మానమనేది కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లున్నవాళ్లకు చెప్పే సలహా.

తగ్గించాల్సినవి లివర్, బోటి, కిడ్నీ లాంటి లోపలి భాగాలు, మేకపోతు మాంసం, రొయ్యలు, నెత్తళ్లు, కవళ్లు. చికెన్ కొద్దిగా పర్వాలేదు. బీరు అన్నిటికంటే చెడ్డది, విస్కీ, కల్లు కూడా మద్యమే. కూల్‌డ్రింకుల్లోని చక్కెర యూరిక్ యాసిడ్‌ని పెంచుతుందని చాలామందికి తెలియదు. బరువు మెల్లగా తగ్గించుకోండి. ఒక్కసారిగా కడుపు మాడ్చుకుంటే అటాక్ రావచ్చు. ఎండాకాలంలో నీళ్లు తగ్గకుండా చూసుకోండి, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

## మీరు వీళ్లలో ఎవరు?

నలభైల్లో ఉండి, వేరే జబ్బేమీ లేక, మొదటిసారి వచ్చినవాళ్లు: నొప్పి మాత్ర గానీ కోల్చిసిన్ గానీ, ఏది ముందు దొరికితే అది. బీరు ఆపి చూడండి. రెండోసారి అదే ఏడాదిలో వస్తే అలోపురినాల్ గురించి మాట్లాడండి.

షుగర్, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్లు: ఎంచుకోవడం అన్నిటికంటే కష్టమైంది మీకే. నొప్పి మాత్ర వద్దు, కోల్చిసిన్ తగ్గించి వాడాలి, స్టెరాయిడ్‌కి షుగర్ పెరుగుతుంది. అయినా కొద్దిరోజుల స్టెరాయిడ్ వాడి, ఇన్సులిన్ సర్దుకోవడం, దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీసుకోవడం కంటే మేలు. మీకు అటాక్‌లే రాకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం, అందుకని యూరిక్ యాసిడ్ మందు వాయిదా వేయకండి.

అరవై దాటి, బీపీకి నీరు తీసే మాత్ర వాడుతున్న అమ్మ, అమ్మమ్మ: ఆ మాత్ర మార్చడానికి వీలుందేమో ముందు డాక్టరును అడగండి. లోసార్టాన్ అనే బీపీ మందు యూరిక్ యాసిడ్‌ని కొంచెం తగ్గిస్తుంది కూడా. ఆడవాళ్లకు గౌట్ రాదనుకుని అరుగుదల కింద జమకట్టేయడం వల్ల ఈ వయసువాళ్లకు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

రుమటాలజిస్ట్ అందుబాటులో ఉంటే, ఉదాహరణకు హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి. లేకపోతే ఓపిగ్గా రక్తపరీక్షలు చూసి మోతాదు పెంచే జనరల్ ఫిజీషియన్ చాలు. వెళ్లేటప్పుడు క్రియాటినిన్ రిపోర్టు, వాడుతున్న అన్ని మాత్రల స్ట్రిప్పులు తీసుకెళ్లండి. బయటికి వచ్చేముందు రెండు మాటలు అడగండి: నా యూరిక్ యాసిడ్ ఎంతకు తేవాలి, మళ్లీ పరీక్ష ఏ తేదీన?